కాలితో తన్నితే కదిలే పడవ: ‘ది ఆఫ్రికన్ క్వీన్’

బల్ల మీద తెల్లటి గుడ్డ పరిచి ఉంది. పింగాణీ కప్పుల్లో టీ పోశారు. పలుచగా కోసిన రొట్టెముక్కలకు వెన్న రాసి పళ్ళెంలో పెట్టారు. తూర్పు ఆఫ్రికా అడవి మధ్య ఒక పల్లెలో, ఉక్కతో గాలి కూడా కదలని మధ్యాహ్నం, మెడదాకా బొత్తాలు పెట్టుకున్న ఇంగ్లీషు మిషనరీ శామ్యూల్ సేయర్, ఆయన చెల్లెలు రోజ్ తమ ఊళ్ళో కూర్చున్నంత పద్ధతిగా కూర్చుని ఉన్నారు. ఎదురుగా ఉన్న అతిథి ఛార్లీ ఆల్నట్ గడ్డం మాసిన పడవవాడు. ఉన్నట్టుండి అతని కడుపులోంచి గుర్రుమని ఒక చప్పుడు వచ్చింది. అన్నాచెల్లెళ్ళు విననట్టు ఊరుకున్నారు. కాసేపటికి ఇంకాస్త గట్టిగా మరో చప్పుడు వచ్చింది. అతిథి సిగ్గుపడి, తన కడుపు ఇలా అరవడం వింతగా ఉంది కదూ అని తానే మాట కలపబోతే, రోజ్ ముఖంలో ఒక్క గీత కూడా కదలలేదు, ఇంకొంచెం టీ పోయమంటారా అని మాత్రం అడిగింది. మనవాళ్ళయితే కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయా అని నవ్వేసి అన్నం పెట్టేవాళ్ళు. ఈ ఇంట్లో ఆ చప్పుడు ఉన్నట్టు ఒప్పుకోవడమే అమర్యాద.

1951లో జాన్ హ్యూస్టన్ తీసిన ‘ది ఆఫ్రికన్ క్వీన్’ హాస్యమంతా ఈ టీబల్ల దగ్గరే విత్తనంలా పడి ఉంది. మర్యాద అనే గట్టి గోడ ఒక పక్క, ఆకలి, చెమట, దాహం, బురద వంటి ఒంటి అవసరాలు మరొక పక్క. ఆ తరువాత గంటన్నర సేపు నది ఆ గోడను కొంచెం కొంచెంగా కోసుకుంటూ పోతుంది. సాహసచిత్రమని పేరున్న ఈ సినిమాను పునరుద్ధరించిన ప్రతిలో ఇటీవల మళ్ళీ చూశాను. చూసిన ప్రతిసారీ నాకు ఇది యుద్ధం కథగాను, ప్రేమకథగాను కన్నా ముందు మరమ్మతుల కథగా కనిపిస్తుంది. ఈ పరిచయం ఆ కోణంలోంచే రాస్తున్నాను.

కథ చాలా చిన్నది. 1914 సెప్టెంబరులో, అప్పటి జర్మన్ తూర్పు ఆఫ్రికాలో, యూరపులో యుద్ధం మొదలైందన్న కబురు మోసుకొచ్చేవాడు ఛార్లీయే. అతను వెళ్ళిన వెంటనే జర్మన్ సైనికులు వచ్చి పల్లెను తగలబెట్టి, ఊరివాళ్ళను తోలుకుపోతారు. అడ్డం వెళ్ళిన శామ్యూల్‌ను తుపాకీ మడమతో కొడతారు. ఆ దెబ్బకూ ఆ దిగులుకూ మతి చలించి ఆయన చనిపోతాడు. తిరిగివచ్చిన ఛార్లీ గొయ్యి తవ్వి ఆయనను పూడ్చిపెట్టి, రోజ్‌ను తన పడవ ఎక్కించుకుంటాడు. ఆ పడవ పేరే ఆఫ్రికన్ క్వీన్. గనికి సరుకులు చేరవేసే ముప్పై అడుగుల ఆవిరి పడవ అది. అందులో పేలుడు జెలటిన్ పెట్టెలు, వాయువు సిలిండర్లు, డబ్బా తిండి, లెక్కకు మించిన జిన్ను సీసాలు ఉన్నాయి. యుద్ధం ముగిసేదాకా ఏదో ఒక లంక చాటున పడుకుని, తాగుతూ కాలక్షేపం చెయ్యాలని ఛార్లీ ఆలోచన. నది పొడవునా కిందికి వెళ్ళి, సరస్సులో కాపలా తిరుగుతున్న జర్మన్ యుద్ధనౌక లూయీసాను ఈ పడవతోనే పేల్చివెయ్యాలని రోజ్ ఆలోచన. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళ గురించి మనకొక సామెత ఉంది. తెప్ప తగలెయ్యడానికే ఏరు దాటాలనుకునే మనిషి ఈవిడ.

సి.ఎస్. ఫారెస్టర్ 1935లో రాసిన నవల దీనికి మూలం. జేమ్స్ ఏజీ, హ్యూస్టన్ కలిసి చిత్రానువాదం రాశారు. నవలలో ఛార్లీ లండను పేటల్లో పుట్టిన మనిషి. ఆ యాస హంఫ్రీ బోగార్ట్ నోట పలకదు కనుక సినిమాలో అతన్ని కెనడావాడిగా మార్చారు. అంతవరకు కోటు కాలరెత్తి, టోపీ వంచి, ఎవరినీ లెక్కచెయ్యని పట్టణపు మొనగాడిగా పేరుపడిన నటుడు బోగార్ట్. ఆ పేరునంతా విప్పి ఒడ్డున పారేసి, పిరికితనం, బద్ధకం, మంచితనం సమపాళ్ళలో కలిసిన మనిషిగా ఈ పడవ ఎక్కాడు. ఆయన జీవితంలో అందుకున్న ఏకైక ఆస్కార్ ఈ పాత్రకే. ఆ ఏడాది పోటీలో ఉన్నవాళ్ళలో మార్లన్ బ్రాండో ఒకడు. బ్రాండో నటన తరువాతి కాలపు నటులందరినీ మార్చివేసిందన్న మాట నిజమే కానీ, ఆ సంవత్సరపు తీర్పు తప్పని నేను అనలేను.

ఇక ఆ పడవ సంగతి. దాని బాయిలర్‌కు నీళ్ళు పంపే భాగంలో ఏదో అడ్డుపడి, మధ్యమధ్య ఆవిరి కట్టుతప్పి బుసలు కొడుతుంది. అప్పుడు ఛార్లీ ఒక పరుగున వెళ్ళి, గురిచూసి, ఒక్క తన్ను తంతాడు. అది సర్దుకుంటుంది. మళ్ళీ కాసేపటికి బుస, మళ్ళీ పరుగు, మళ్ళీ తన్ను. ఇదంతా చూసిన రోజ్ ఎందుకలా తన్నుతున్నావని అడుగుతుంది. తన్నకపోతే పేలిపోతుందని అతని జవాబు. లోపల ఏముందని ఆరా తీస్తే, ఎప్పుడో ఒక కుర్రాడు పొరపాటున స్క్రూడ్రైవర్ జారవిడిచాడని, దాన్ని బయటికి తీయడం పెద్ద పనేమీ కాదని తేలుతుంది. మరి తియ్యవేమని అడిగితే, అతను కాస్త ఆలోచించి, దీన్ని తన్నడం తనకు ఇష్టమని, తనకు ఉన్నదల్లా ఇదొక్కటేనని ఒప్పుకుంటాడు. ఒక ఒంటరి మనిషి బతుకును ఇంత తక్కువ మాటల్లో చెప్పిన సన్నివేశం హాలీవుడ్ సాహసచిత్రాల్లో నేను మరొకటి చూడలేదు. పాత స్కూటరును పక్కకు వంచి, మళ్ళీ నిలబెట్టి, ఒక్క కిక్కు కొట్టి నడిపిన తరంవాళ్ళకు ఆ మాట ఇంకాస్త లోతుగా తాకుతుంది. బాగుచేయించవచ్చని తెలిసి కూడా బాగుచేయించని వస్తువొకటి మా ఇంట్లో కూడా ఉండేది. అది మా నాన్నగారికి తప్ప ఎవరికీ మాట వినేది కాదు, అందులోనే ఆయనకు గర్వం.

ఈ సినిమాలో పని ఎప్పుడూ కెమెరా ముందే జరుగుతుంది. ఛార్లీ కట్టెలు కొడతాడు, పొయ్యిలోకి ఎగదోస్తాడు, తోడిన నీళ్ళు బయటికి పోస్తాడు. రోజ్‌కు చుక్కాని పట్టడం నేర్పుతాడు. నీటి మీద ముడత ఎలా ఉంటే కింద రాయి ఉన్నట్టో, ఎలా ఉంటే లోతు ఉన్నట్టో చెబుతాడు. రాళ్ళ మీద నది ఉరకలు వేసే మొదటి చోటు దాటగానే, ఇక ఈవిడ బెదిరిపోయి వెనక్కి పదమంటుందని అతను ధీమాగా ఉంటాడు. రోజ్ జుట్టు తడిసి, ముఖం వెలిగిపోతూ, ఒంటితో అనుభవించేది ఏదైనా ఇంత ఉత్సాహాన్ని ఇస్తుందని తాను కలలో కూడా అనుకోలేదని అంటుంది. చర్చిలో ఆర్గాన్ మీటలు నొక్కిన చేతులకు జీవితంలో మొదటిసారి చుక్కాని దొరికింది. రోజ్ వేషం వేసిన కాథరిన్ హెప్‌బర్న్ ఆ మాటను గట్టిగా చెప్పదు. తనకు తాను ఒక రహస్యం చెప్పుకుంటున్నట్టు, కొంచెం ఆశ్చర్యంగా, కొంచెం దొంగతనం చేసినట్టు చెబుతుంది.

హెప్‌బర్న్ తరువాత ఈ చిత్రనిర్మాణం గురించి 1987లో ఒక పుస్తకమే రాసింది. మొదట్లో ఆమె పాత్రను మరీ కఠినంగా, ముఖం ముడుచుకుని నటిస్తోందని హ్యూస్టన్‌కు అనిపించిందట. అయితే ఇలా చెయ్యి, అలా చెయ్యి అనకుండా, గాయపడిన సైనికులను పలకరించడానికి వెళ్ళినప్పుడు అమెరికా అధ్యక్షుడి భార్య ఎలెనార్ రూజ్వెల్ట్ ముఖం మీద ఉండే చిరునవ్వును గుర్తు చేసుకోమని ఒక్క మాట చెప్పి వెళ్ళిపోయాడట. తనకు అందిన దర్శకత్వపు సలహాలన్నింటిలో అదే గొప్పదని ఆమె రాసుకుంది. ఈ సంగతి తెలిశాక సినిమా చూస్తే రోజ్ ముఖంలోని ఆ నవ్వు ఎక్కడ మొదలై ఎక్కడ దాకా వెళుతుందో వెంబడించడమే ఒక సరదా. మొదట అది లోకమర్యాద కోసం తగిలించుకున్న నవ్వు. తరువాత మొండితనాన్ని కప్పుకునే నవ్వు. చివరికి తనకే తెలియకుండా వచ్చే నవ్వు.

జిన్ను సీసాల ఘట్టం గురించి చెప్పకుండా ముందుకు పోలేను. కిందికి పోవడమంటే చావడమేనని, తాను రానని, ఛార్లీ తాగి నోరు జారి ఆమెను ముసలి కన్య అని ఎత్తిపొడుస్తాడు. మర్నాడు ఎండ ముఖాన పడి కళ్ళు తెరిచేసరికి, రోజ్ పడవ అంచున కూర్చుని, ఒక్కొక్క సీసా మూత తీసి, నదిలోకి ఒంచి, ఖాళీ సీసాను నీటిలోకి విసురుతూ ఉంటుంది. ఆమె ముఖంలో కోపం లేదు, అంట్లు తోముతున్న మనిషికి ఉండే శ్రద్ధ మాత్రమే ఉంది. అతను మూలుగుతాడు, బతిమాలతాడు, ఆమె వినిపించుకోదు. ఆ తరువాత ఆమె వేసే అసలు శిక్ష మౌనం. బైబిలు తెరిచి చదువుకుంటూ కూర్చుంటుంది. గడ్డం గీసుకుని, పడవ కడిగి, వాతావరణం బాగుందని, టీ తాగుదామని అతను ఎన్ని విధాల మాట కలిపినా ఉలుకూ పలుకూ ఉండదు. మనిషికి తాగడం సహజమేనని అతను సమర్థించుకున్నప్పుడు, ఆ సహజగుణాన్ని మించి ఎదగడానికే మనం పుట్టామని ఆమె ఇచ్చే జవాబు చాలామందికి కంఠతా వచ్చిన మాట. ఆమె అలిగింది తన తాగుడు మీదనని అతను అనుకుంటాడు. ఆమె అలిగింది నది దిగుతానన్న మాట తప్పినందుకు. ఈ సంగతి అతనికి ఆలస్యంగా బోధపడుతుంది. మొగుడూపెళ్ళాల తగాదాలన్నీ ఇలాగే ఉంటాయి కదా అని మా అమ్మ అన్నది. ఆమెకు ఇంగ్లీషు రాదు, ఈ ఘట్టానికి నేను అర్థం చెప్పవలసిన అవసరం కూడా రాలేదు.

భాష సంగతి వచ్చింది కనుక ఇక్కడే ఒక మాట. ఇంగ్లీషులో పెద్దాచిన్నా అందరికీ ఒకటే పిలుపు. అందుచేత వీళ్ళిద్దరి మధ్య దూరం తగ్గిందన్న సంగతి సర్వనామంలో దొరకదు, పేర్లలో వెతుక్కోవాలి. సగం సినిమా దాకా ఆమె అతన్ని ఇంటిపేరుతో, ముందు గౌరవపదం చేర్చి పిలుస్తుంది. అతను ఆమెను ‘మిస్’ అని మాత్రమే అంటాడు. నది ఒడ్డున ఉన్న జర్మన్ కోట మీది తుపాకులను, ఆ వెంటనే వచ్చిన నీటి ఉరవడిని దాటిన ఆనందంలో ఒకరినొకరు కౌగిలించుకుని, ముద్దుపెట్టుకుని, సిగ్గుపడి విడిపోయిన చాలాసేపటికి గాని ఆమెకు ఒక సంగతి గుర్తురాదు. అప్పుడు, ఎంతో ప్రేమగా సంబోధించి, ఇంతకీ మీ పేరేమిటని అడుగుతుంది. తెలుగులో చూస్తున్నట్టు ఊహించుకుంటే, ‘మీరు’ అన్న మాట నడినదిలో ‘నువ్వు’గా మారిన క్షణం అది. దీన్ని తెలుగులోకి అనువదించేవారెవరైనా ఉంటే వారికి దొరికే సౌఖ్యమూ అదే, ఎదురయ్యే చిక్కూ అదే. ఆ ‘నువ్వు’ ఎక్కడ రావాలో ఒక్క వాక్యం అటూఇటూ అయినా ఘట్టం చెడుతుంది.

చిత్రీకరణ నాటికి బోగార్ట్ వయసు 51, హెప్‌బర్న్ వయసు 44. ముడతలు దాచే ప్రయత్నం ఎక్కడా లేదు. జాక్ కార్డిఫ్ ఛాయాగ్రహణం ఆమె చెంపల ఎముకల మీద ఎండను పడనిచ్చింది, అతని గడ్డం మీద నూనెమరకను అలాగే ఉంచింది. ఆ వయసు నటికి మన సినిమాల్లో కథానాయకుడి తల్లి వేషం ఇస్తారు. అదే వయసు నటుడికి సగం వయసున్న నాయికను ఇస్తారు. వీళ్ళిద్దరి ప్రేమ నమ్మదగినదిగా ఉండడానికి కారణం, ఇద్దరికీ ఇది ఆఖరి అవకాశమని వాళ్ళ ముఖాలే చెబుతుండడం.

చిత్రీకరణలో చాలా భాగం అప్పటి బెల్జియన్ కాంగోలోని రూయికీ నది మీద, ఉగాండాలో ఆల్బర్ట్ సరస్సు ఒడ్డున, మర్చిసన్ జలపాతం చుట్టుపక్కల జరిగింది. అప్పటి టెక్నికలర్ కెమెరా ఒకేసారి మూడు ఫిలిం చుట్టలను తిప్పే బరువైన యంత్రం. రంగులను విడదీయడానికి లోపల ఒక పట్టకం ఉంటుంది, దానికి వెలుతురు విపరీతంగా కావాలి. అంత సరంజామాను పంటుల మీదకు ఎక్కించి, పడవ వెంట లాక్కుంటూ అడవి నది మీద తిరిగారు. ఒక రాత్రి పడవే నీట మునిగితే పైకి లాగవలసివచ్చింది. బృందంలో చాలామంది విరేచనాలతోను, జ్వరాలతోను మంచాన పడ్డారు. తాగుడు చెడ్డదని నిరసనగా మంచినీళ్ళే తాగిన హెప్‌బర్న్ ఆ నీళ్ళవల్లనే అందరికన్నా ఎక్కువ బాధపడింది. విస్కీ తప్ప వేరే ఏమీ ముట్టని హ్యూస్టన్‌కూ బోగార్ట్‌కూ ఏ జబ్బూ రాలేదు. సినిమాలో జిన్ను సీసాలను నదిపాలు చేసిన రోజ్‌కు ఇది నిజజీవితం ఇచ్చిన జవాబని అందరూ నవ్వుకునే సంగతే. తొలి ఘట్టంలో ఆమె ఆర్గాన్ వాయిస్తున్నప్పుడు, వాంతి వస్తే పట్టడానికి కెమెరాకు కనబడకుండా ఒక బొక్కెన పెట్టుకున్నారట. ఆమె ముఖంలోని పాలిపోయిన భక్తికి కొంత కారణం అది.

అయితే నటులు నీటిలోకి దిగే ఘట్టాలను అక్కడ తీయలేదు. ఆ నీటిలో రోగకారక క్రిములు ఉన్నాయన్న భయంతో లండన్ స్టూడియోలోని తొట్టెలో తీశారు. అసలు నదికీ తొట్టెకూ మధ్య అతుకు చాలాచోట్ల కనబడుతుంది. ముఖ్యంగా నది ఉరకలు వేసే ఘట్టాల్లో వెనుక తెర మీద నది ఒక వేగంతో పోతుంటే, ముందు నటులు వేరే వేగంతో ఊగుతుంటారు. అంచుల వెంట నీలిగీత కూడా అక్కడక్కడ మెరుస్తుంది. దోమల్లాంటి పురుగుల గుంపు చుట్టుముట్టే ఘట్టమయితే మరీ అతికించినట్టు ఉంది. పునరుద్ధరించిన ప్రతిలో బొమ్మ ఎంత స్వచ్ఛమైందో ఈ అతుకులు అంత స్పష్టమయ్యాయి. అలన్ గ్రే సంగీతం కూడా కొన్నిచోట్ల నాకు అడ్డమే అనిపించింది. నటులు కళ్ళతో చెప్పేసిన హాస్యాన్ని వాద్యాలతో మళ్ళీ చెప్పనవసరం లేదు.

ఇవి చిన్న లోపాలు. పెద్ద లోపం మొదటి పది నిమిషాల్లో ఉంది. చర్చిలో ఊరివాళ్ళు నోరు తిరగని ఇంగ్లీషు కీర్తనను, రాగం కలవక, గోలగోలగా పాడుతుంటారు. శామ్యూల్ గొంతు చించుకుంటూ ముందు పాడుతుంటే, రోజ్ చెమటలు కక్కుతూ ఆర్గాన్ వాయిస్తుంటుంది. బయట ఛార్లీ పారేసిన చుట్టముక్క కోసం కొందరు కొట్టుకుంటారు. హ్యూస్టన్ ఇక్కడ ఎగతాళి చేసింది మిషనరీనేనని వాదించవచ్చు, నేనూ కొంతవరకు ఒప్పుకుంటాను. కానీ ఆ ఎగతాళికి ఊరివాళ్ళు పనిముట్లు. ఆ తరువాత వాళ్ళ ఇళ్ళు తగలబడతాయి, వాళ్ళను తోలుకుపోతారు, ఇక సినిమా వాళ్ళను మళ్ళీ తలచుకోదు. ఎవరికీ పేరు లేదు, ఎవరి మాటకూ అర్థం చెప్పరు. కోట మీద నుంచి కాల్చే సైనికులు కూడా అంతే. నది, సరస్సు, అడవి ఎవరివో వాళ్ళు మాత్రం కథలో లేరు. తెలుగు పాఠకుడికి ఆ చర్చి ఘట్టం ఇంకో విధంగా కూడా అసంపూర్ణంగా తోస్తుంది. మన ప్రాంతంలో మిషనరీలు తెచ్చిన పాట మిషనరీల పాటగానే ఉండిపోలేదు. 19వ శతాబ్దంలోనే పురుషోత్తమ చౌదరి వంటివారు రాగతాళాలు కట్టి తెలుగు క్రైస్తవ కీర్తనలు రాశారు, వాటిని నేటికీ పల్లె చర్చిల్లో తబలా, హార్మోనియంతో పాడుతున్నారు. పాట అందుకున్నవాడు దాన్ని తనదిగా మార్చుకోగలడన్న ఊహ ఈ సినిమాకు రాలేదు.

చరిత్రలో దీనికి ఆధారమైన సంఘటన కూడా తక్కువ వింతైనది కాదు. టాంగన్యీకా సరస్సు మీద జర్మన్ నౌకలను ఎదుర్కోవడానికి బ్రిటిషువారు 1915లో రెండు చిన్న మోటారు పడవలను దక్షిణాఫ్రికా నుంచి రైళ్ళ మీదా, అడవి దారుల్లో ఆవిరి యంత్రాలతోను, ఎడ్లతోను లాగించి సరస్సుకు చేర్చారు. వాటి పేర్లు మీమీ, టూటూ. పిల్లి, కుక్క అన్న పేర్లను నౌకాదళం ఒప్పుకోకపోతే, పారిస్ వీధుల్లో పిల్లికీ కుక్కకూ వాడే ముద్దుపేర్లను వాటి నాయకుడు పెట్టాడు. జర్మన్ల పెద్ద నౌక గ్రాఫ్ ఫాన్ గోట్‌జెన్‌ను 1916లో వాళ్ళే ముంచుకున్నారు. యుద్ధానంతరం దాన్ని పైకి తీసి, 1927 నుంచి లియెంబా అన్న పేరుతో ప్రయాణికుల నౌకగా నడిపారు. సినిమాలో మునిగే లూయీసా కథకు ఈ సరస్సే ప్రాణం పోసింది.

నాకు అన్నింటికన్నా ఇష్టమైన భాగం చివరి మూడోవంతు. జలపాతంలాంటి ఉరవడి దాటాక షాఫ్టు వంగిపోతుంది, ప్రొపెల్లర్ రెక్క ఒకటి ఊడిపోతుంది. ఇక అయిపోయిందని ఛార్లీ చేతులెత్తేస్తాడు. ఒడ్డున కొలిమి పెట్టి, షాఫ్టును కాల్చి, సరిచేసి, రెక్కను అతికించలేవా అని రోజ్ అడుగుతుంది. ఆమెకు యంత్రాల గురించి ఏమీ తెలియదు, అందువల్లే ఆ ప్రశ్న అడగగలిగింది. అతనికి అన్నీ తెలుసు, అందువల్లే కుదరదని అనుకున్నాడు. పడవ కిందికి మునిగి అతను, ఆ వెనకే ఆమె, ఊపిరి బిగబట్టి మరలు విప్పుతారు. ఒడ్డున బొగ్గు కాలుస్తారు, సమ్మెట మోగుతుంది. చాలా సినిమాల్లో ఇలాంటి పనిని నాలుగు ముక్కల్లో చూపించి పాట పెడతారు. ఇక్కడ అది జంట కలిసి కాపురం పెడుతున్నట్టుంటుంది.

ఆ తరువాత నది రెల్లులోకి వెళ్ళి తప్పిపోతుంది. నీరు సన్నగిల్లి, జమ్ము మనిషి ఎత్తున పెరిగి, ఏ పాయ ఎటు పోతుందో తెలియని చోట ఛార్లీ నీటిలోకి దిగి, తాడు భుజాన వేసుకుని, పడవను లాగుతాడు. పైకి ఎక్కేసరికి ఒళ్ళంతా జలగలు. ఉప్పు చల్లితే గాని ఊడవు. జలగలంటే తనకు పరమ అసహ్యమని అతను వణుకుతూ చెబుతాడు. రోజ్ అవి తీసివేశాక ఒక్క నిమిషం ఇద్దరూ మాట్లాడరు. ముందుకు పోవాలంటే మళ్ళీ దిగాలని ఇద్దరికీ తెలుసు. ఆమె అడగదు. అతనే లేచి, ముఖం ముడుచుకుని, ఆ నీటిలోకే తిరిగి దిగుతాడు. బోగార్ట్ అసలు జలగలు వేయించుకోనని పట్టుబట్టాడని, దూరపు దృశ్యాలకు రబ్బరు జలగలు వాడి, ఒక్క దగ్గరి దృశ్యానికి మాత్రం జలగలు పెంచేవాడి ఛాతీ మీద నిజమైనదాన్ని అంటించి తీశారని చెబుతారు. ఆ సంగతి తెలిసినా ఆ రెండోసారి దిగడం చూసినప్పుడు నా ఒళ్ళు జలదరించింది.

జ్వరంతో అతను పడి ఉంటే, ఇక చావు తప్పదని తలచి, తమను ప్రేమతో తీర్పు తీర్చమని రోజ్ దేవుణ్ణి ప్రార్థిస్తుంది. అప్పుడు కెమెరా మెల్లగా పైకి లేస్తుంది. జమ్ము అంచు దాటితే సరస్సు, పడవకు కొన్ని గజాల దూరంలో. వాళ్ళకది తెలియదు, మనకు మాత్రమే తెలుసు. ఎక్కడో ఎగువన వాన పడి, రాత్రికి నీరు పెరిగి, పడవను నెమ్మదిగా పైకెత్తి సరస్సులోకి నెడుతుంది. ఇది దైవకృపో ఋతుపవనమో తేల్చకుండా వదిలిపెట్టడం హ్యూస్టన్ పెద్దరికం.

ముగింపును నవల నుంచి మార్చారు. నవలలో వీళ్ళ ప్రయత్నం ఫలించదు, నౌకను ముంచేది బ్రిటిషు నావికులే. సినిమాలో తుఫానుకు పడవ బోల్తాపడి, ఇద్దరూ జర్మన్లకు చిక్కి, ఉరిశిక్షకు గురవుతారు. ఉరితాడు మెడ దగ్గరికి వచ్చాక ఛార్లీ ఓడ కెప్టెన్‌ను ఒక కోరిక కోరతాడు, తమకు పెళ్ళి చెయ్యమని. పీటర్ బుల్ ఆ కెప్టెన్ వేషం వేశాడు. జర్మన్ చక్రవర్తి కైజర్ పేరు మీద పెళ్ళి జరిపించి, అదే గుక్కలో, అదే గొంతుతో, ఇక ఉరి కానివ్వమంటాడు. తొలి ఘట్టంలో కడుపు చప్పుడును విననట్టు నటించిన మర్యాదకూ ఈ మర్యాదకూ ఆట్టే తేడా లేదు. ఆ తరువాత జరిగేది చెప్పను. బోల్తాపడి నీటిలో దాగిన పడవ ముక్కున, ఆ జెలటిన్‌తోను సిలిండర్లతోను ఛార్లీ చేసి బిగించిన టార్పెడోలు ఇంకా అలాగే ఉన్నాయన్నంత వరకే చెబుతాను. తర్కానికి నిలబడే ముగింపు కాదు, అయినా ఇంత శ్రమపడిన యంత్రానికి ఒక పని మిగిల్చిన ముగింపు అని నాకు నచ్చింది.

బ్రిటన్‌లో భద్రపరచిన అసలు మూడు పట్టీల నెగటివు నుంచి పునరుద్ధరించిన ప్రతి 2010లో డిస్కుగా వచ్చింది. పాత వీడియోల్లో నీరు బూడిదరంగులోను, ముఖాలు ఇటుకరంగులోను కనిపించేవి. ఇందులో కుళ్ళిన ఆకులతో నల్లబడ్డ నది నీరు నల్లగానే, దాని మీద ఎండ పసుపుగానే ఉంది. తోడుగా నిర్మాణ విశేషాల మీద గంటసేపటి డాక్యుమెంటరీ ఉంది, సినిమా చూసిన తరువాత చూడడం మంచిది. బోగార్ట్ మాటతీరు గొణుగుడు కనుక ఇంగ్లీషు ఉపశీర్షికలు పెట్టుకోవాలి. నిడివి గంటా నలభై అయిదు నిమిషాలే. పదేళ్ళు దాటిన పిల్లలతో చూడవచ్చు, చర్చి ఘట్టం దగ్గర మాత్రం ఆపి రెండు మాటలు చెప్పాలి. 1912లో ఇంగ్లండులో తయారై, లివింగ్‌స్టన్ అన్న పేరుతో ఆల్బర్ట్ సరస్సు మీద సరుకులు మోసిన అసలు పడవను 2012లో బాగుచేసి, ఫ్లోరిడాలోని కీ లార్గోలో విహారానికి తిప్పుతున్నారు. ఆ వైపు ఉండే మనవాళ్ళెవరైనా ఎక్కితే, దాని బాయిలర్‌ను ఇప్పటికీ తన్నవలసివస్తోందో లేదో చూసి చెప్పండి.